మూడో పిన్ దగ్గర మూడు రాత్రులు

నింటెండో చేతి గేమ్ యంత్రం గేమ్ బాయ్‌కి చెందిన ఒక్క క్యాట్రిడ్జ్ (గేమ్ ఉండే ప్లాస్టిక్ డబ్బా) నా ప్రాణం తోడేస్తోంది. లోగో చక్కగా దిగుతుంది, ‘టింగ్’ మంటుంది, ఆ వెంటనే ఖాళీ తెర. ఈ వారం తెరిచిన మిగతా రెండూ 99% ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడవగానే లేచి కూర్చున్నాయి.

డీఎంజీలోనూ (మొదటి గేమ్ బాయ్), పాకెట్‌లోనూ (తర్వాతి చిన్న మోడల్) ఒకేచోట ఆగింది కాబట్టి తప్పు స్లాట్‌ది కాదు. ఆన్ చేయగానే నడిచే బూట్ రోమ్ అనే చిన్న ప్రోగ్రామ్ క్యాట్రిడ్జ్‌లోంచి 48 బైట్ల లోగో చదివి తన దగ్గరున్న దానితో పోల్చుకుంటుంది. తేడా వస్తే అక్కడే ఆపేస్తుంది. ఏమీ చదవలేకపోతే నల్లటి పట్టీ దిగుతుంది. మరి నాకు లోగో సరిగ్గానే వచ్చింది, హెడర్ చెక్‌సమ్ (గేమ్ మొదట్లోని వివరాలు సరిగ్గా ఉన్నాయో చూసే లెక్క) కూడా దాటింది. అంటే బైట్లు వచ్చే ఎనిమిది డేటా లైన్లూ, ఎక్కడ చదవాలో చెప్పే అడ్రస్ లైన్లలో ఏ0 నుంచి ఏ6 దాకా బాగున్నట్టే. ఏ7 నుంచి పైవి మాత్రం ఆ పరీక్షలో అసలు కదలవు. నా అనుమానమంతా వాటి మీదే.

మొదటి రాత్రి ఆ లైన్లవే, 13 నుంచి 21 దాకా పిన్నులన్నీ మీటర్‌తో చూశాను. అన్నీ 0.3, 0.4 ఓమ్‌లే, అంటే ఏదీ తెగలేదు. వృథా. రెండో రాత్రి తట్టింది: ఇది ఎంబీసీ1 (గేమ్‌ని బ్యాంకులనే ముక్కలుగా మార్చి చూపే చిప్) ఉన్న బోర్డు కదా, బ్యాంక్ మార్చాలంటే చిప్‌కి ఆదేశం రాసే రైట్ (write) లైన్ కావాలి. అది మూడో పిన్. బోర్డు బల్లమీద ఉన్నప్పుడు 0.4 ఓమ్. ఒక మూల కొద్దిగా వంచితే ఓపెన్, లైన్ తెగిపోతోంది! చిప్ మీద వేలితో నొక్కితే గేమ్ టైటిల్ దాకా వెళ్లింది. ఆనందంతో కుర్చీలోంచి లేచాను.

ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. ఫ్లక్స్ పెట్టి 320 డిగ్రీల దగ్గర ఎంబీసీ కాళ్లన్నీ మళ్లీ సోల్డర్ చేశాను. అంతకుముందు 20 సార్లు ఆన్ చేస్తే 3 సార్లే లోడయ్యేది, ఇప్పుడు 17. మిగతా మూడుసార్లూ పాత చోటే ఆగింది. రీసెట్ లైన్, అంటే 30వ పిన్, ఎంత వంచినా 0.3 దగ్గర కదలడం లేదు. ఇక మిగిలింది ట్రేస్‌లోనే (బోర్డు మీది రాగి గీత), బహుశా వయా (గీతని బోర్డు అవతలి వైపుకి దాటించే రంధ్రం) అంచున, వెంట్రుకంత పగులు. లెన్స్ కింద చూసినా కనిపించలేదు.

ఎరేజర్‌తో రుద్దమనే సలహా నాకు నచ్చదు, బంగారు పూత అరుగుతుంది. మెటల్ పాలిష్ అంతకంటే ఘోరం. ఊదడం గురించి చెప్పక్కర్లేదు, నోటి తడి లోపల చేరి పిన్నులు తుప్పు పడతాయి. డీఆక్సిట్ అనే కాంటాక్ట్ క్లీనర్ మంచిదే, కానీ పగిలిన ట్రేస్‌ని అదేం చేస్తుంది?

రేపు మూడో పిన్ నుంచి ఎంబీసీ కాలికి సన్నని ఎనామిల్ తీగ వేస్తాను. స్లాట్‌లోకి వెళ్లే భాగం మీద మాత్రం సోల్డర్ పడకూడదు, అదే టెన్షన్. తీగ వేశాక 20కి 20 రాకపోతే ఎంబీసీనే ఊడదీసి వేరే బోర్డులోది పెట్టి చూస్తాను. ఎలాగూ ఐరన్ వేడిమీదే ఉంటుంది కాబట్టి, సేవ్ నిలవని ఇంకో క్యాట్రిడ్జ్‌కి బ్యాటరీ కూడా మార్చేస్తాను. ఈసారి బ్యాటరీ హోల్డర్ పెట్టాలనుంది, షెల్ మూసుకుంటుందో లేదో ముందు కొలవాలి.