కంచె: యుద్ధానికి ఇచ్చిన టైం సీతకి ఇవ్వలేదు

కంచె వచ్చింది 2015 అక్టోబర్‌లో, ఇప్పటికీ నాకు ఆ సినిమా అంటే ఎంత ఇష్టమో దానిమీద అంత కంప్లైంట్ కూడా ఉంది, ఎప్పట్నుంచో రాయాలనుకుంటున్నా. చూడనివాళ్ళు చూసొచ్చి చదవండి, కథ మొత్తం చెప్పేస్తున్నా.

రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనకి హిట్లర్, చర్చిల్ గుర్తొస్తారు తప్ప మనవాళ్ళు గుర్తురారు. కానీ బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో దాదాపు 25 లక్షల మంది పనిచేశారు, ఇటలీలో మోంటే కాసినో దగ్గర కూడా మన సైనికులు ప్రాణాలిచ్చారు. అలాంటి ఇటలీ యుద్ధంలోకి దేవరకొండ అనే ఊరి కుర్రాడు హరిబాబుని (వరుణ్ తేజ్) పంపి, జార్జియాలో షూటింగ్ చేసి, తెలుగులో సినిమా తీయాలనుకోవడమే డైరెక్టర్ క్రిష్ ధైర్యం. జ్ఞానశేఖర్ కెమెరా వల్ల ఆ మంచూ బురదా నిజంగానే అక్కడున్నట్టు అనిపిస్తాయి.

అన్నిటికన్నా నాకు నచ్చింది కథలో ఉన్న మెలిక. నాజీలు పట్టుకెళ్ళింది ఎవర్ని? అదే సైన్యంలో ఉన్న ఈశ్వర్‌ని, అంటే హీరోయిన్ సీత అన్నని, తక్కువ కులంవాడు తన చెల్లెల్ని చేసుకున్నాడని హరిబాబు మీద పగబట్టిన బావగార్ని. వాడు పోతే హరికి పీడా విరగడైనట్టే కదా, అయినా తప్పించుకున్న నలుగుర్ని వెంటేసుకుని అతని కోసమే వెనక్కి వెళ్తాడు! యూదుల రక్తం ఉందని పసిపిల్లని కూడా బతకనివ్వని నాజీలు ఒకవైపు, కులం పేరు చెప్పి కత్తులు తీసే మన ఊరు ఇంకోవైపు, రెండూ ఒకటే రోగం అని లెక్చర్ లేకుండా కథలోనే చూపించాడు, అక్కడ మాత్రం దణ్ణం పెట్టాల్సిందే. వరుణ్ తేజ్‌కి ఇది రెండో సినిమా అంటే నమ్మబుద్ధి కాదు, ఇక హరి తోటి సైనికుడు దాసుగా అవసరాల శ్రీనివాస్ లేకపోతే ఆ యుద్ధం సీన్లలో ఊపిరాడేది కాదు.

మరి ప్రేమ సంగతి? అక్కడే నా బాధ. మద్రాసులో వాళ్ళిద్దరి పరిచయం ఎంత ముచ్చటగా మొదలవుతుందో, సిరివెన్నెల గారి పాటలు ఎంత హాయిగా ఉంటాయో, కానీ వాళ్ళ మాటలు మనకి అలవాటయ్యేలోపే తుపాకులు మోగుతాయి, మళ్ళీ ఊరికొస్తే మళ్ళీ ఇటలీ, ఇలా అటూ ఇటూ లాగుతూనే ఉంటారు. సీత రాజుల ఇంటి పిల్ల, అంత పెద్ద ఇంటిని కాదని హరి చెయ్యి పట్టుకుంది, ఆ నిర్ణయం తీసుకునేముందు ఆ అమ్మాయి ఎంత నలిగిపోయి ఉంటుంది, అది మనకి కనపడదు. అన్నకీ భర్తకీ మధ్య గొడవలో సీత ప్రాణం పోయాక కూడా దుఃఖమంతా మగవాళ్ళిద్దరిదే అవుతుంది. ప్రగ్యా జైస్వాల్ చక్కగా చేసింది, ఆమెకి రాసిందే తక్కువ.

జర్మన్ ఆఫీసర్లు కూడా ఒట్టి విలన్లే, ఐదుగురు మనవాళ్ళు అంతమంది సైన్యాన్ని ఎదుర్కోవడం సినిమా కాబట్టి సరే అనుకున్నా.

చివర్లో ఊరు మారిపోవడం మాత్రం నేను ఒప్పుకోలేకపోయా. తరాల పగ అంత తొందరగా చల్లారుతుందా అసలు? జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైన సినిమా ఇది, అర్హత ఉంది, కాదనను. నిడివి రెండు గంటల పైచిలుకే, ఇంకో ఇరవై నిమిషాలు పెట్టినా మేం చూసేవాళ్ళం, ఆ ఇరవై నిమిషాలూ సీతకే ఇచ్చి ఉండాల్సింది.