ప్రపంచ సమస్యలు రాయమంటే మా పిల్లలు రాసినవి

పోయిన నెల ఒకరోజు, భోజనాల తర్వాత పీరియడ్. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పిన వాళ్ళకి ఆ పీరియడ్ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, వెనక బెంచీలు కళ్ళు తెరిచే నిద్రపోతుంటాయి, ఒంగోలు ఎండ కిటికీలోంచి సగం గది దాకా వచ్చేసి ఉంటుంది. నాది సివిల్, కానీ ఇది ఓపెన్ ఎలెక్టివ్ కాబట్టి అన్ని బ్రాంచీల వాళ్ళూ ఉంటారు, సీఎస్ఈ వాళ్ళే ఎక్కువ. సిలబస్‌ని ముందుకి లాక్కెళ్ళే ఓపిక ఆరోజు నాకూ లేదు. తలా ఒక తెల్లకాగితం తీయండి, రెండే ప్రశ్నలు అన్నాను. ప్రపంచం ముందున్న పెద్ద సమస్యలు మూడు రాయండి, వాటి సంగతి చూడాలంటే ఇంజనీరుగా మీకేం వచ్చి ఉండాలో రాయండి.

"ఇంటర్నల్ మార్కులుంటాయా సార్?"

ఉండవన్నాను. సగం మంది హమ్మయ్య అనుకున్నారు, మిగతా సగం పెన్ను మూత పెట్టేశారు.

ఆ కాగితాలన్నీ ఇంటికి తెచ్చుకుని రాత్రి చదివాను. క్లైమేట్ ఛేంజ్ దాదాపు అందరూ రాశారు. తర్వాత ఏఐ వల్ల ఉద్యోగాలు పోవడం, సైబర్ సెక్యూరిటీ, యుద్ధాలు, పొల్యూషన్. ఏం వచ్చి ఉండాలి అన్నదానికి పైథాన్, మెషీన్ లెర్నింగ్, కమ్యూనికేషన్ స్కిల్స్, లీడర్‌షిప్, టీమ్ వర్క్. ఒకే కాగితాన్ని జిరాక్స్ తీసినట్టున్నాయి. వాళ్ళని తప్పు పట్టడం లేదు, ఎందుకంటే ఆ మాటలు వాళ్ళకి నేర్పింది మేమే. ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ వాళ్ళ లెక్కలో ప్రతి బీటెక్ విద్యార్థికీ రావాల్సినవని ఏళ్ళ తరబడి పన్నెండు ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్ (పీవోలు) ఉండేవి, వాటిలో సమాజం గురించి ఒకటి, పర్యావరణం గురించి ఒకటి, బతికినన్నాళ్ళూ నేర్చుకోవడం గురించి ఒకటి. 2014లో మన దేశం, ఒకరి ఇంజనీరింగ్ డిగ్రీల్ని ఒకరు గుర్తించుకునే దేశాల ఒప్పందమైన వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తి సభ్యత్వం తెచ్చుకుంది కూడా ఈ పద్ధతి చూపించే. లెక్చరర్లుగా మేం చేసేదేంటంటే, ఎక్సెల్ షీట్ తెరిచి నా సబ్జెక్టులో పర్యావరణానికి 2, సమాజానికి 3 అని ఏ సబ్జెక్టు ఏ పీవోకి ఎంత పనికొస్తుందో అంకెలు వేసే సీవో-పీవో మ్యాపింగ్ నింపడం. స్టీల్ డిజైన్‌లో సమాజానికి 3 ఎట్టా వచ్చిందని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. ఎవరూ అడగరనే ధైర్యంతోనే వేస్తాం, అది వేరే విషయం.

ఆ కట్టలో మూడు కాగితాలు మాత్రం పక్కన పెట్టుకున్నాను.

మొదటిది, క్లైమేట్ ఛేంజ్ గురించి ఒక పేజీ నిండా రాసిన అమ్మాయిది. ధ్రువాల్లో మంచు, సముద్రమట్టం, మునిగిపోయే దీవులు. బాగానే రాసింది. మర్నాడు క్లాసులో ఇదెవరిదని అడిగితే లేచి నిలబడింది, ఊరు కోవూరు వైపు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు మీరెక్కడున్నారమ్మా అన్నాను. ఇంట్లోకి నీళ్ళొస్తే మిద్దె మీదికి ఎక్కి ఉన్నామంది. సోమశిల డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళకి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, హైవే తెగిపోయి, చెన్నైకి పోవాల్సిన బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయిన వరద అది. సివిల్ వాడిగా ఆ వేలాడే పట్టాల ఫోటోలు నేను ఇప్పటికీ క్లాసులో చూపిస్తుంటాను. మరి అది ఎందుకు రాయలేదమ్మా అన్నాను.

"అది లోకల్ ఇష్యూ కదా సార్."

క్లాసంతా తలూపింది. నాకు ఒక్క క్షణం ఏం చెప్పాలో తోచలేదు. గ్లోబల్ అంటే టీవీలో వచ్చేది, లోకల్ అంటే మనకి జరిగేది అని ఈ పిల్లలకి ఎక్కడో స్థిరపడిపోయింది. తన ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చిన సంగతి సైన్సు కాదు, పరీక్షలో రాసేది కాదు, కష్టం అంతే.

రెండో కాగితం చూసి గట్టిగా నవ్వాను. ఈసీఈ కుర్రాడు, ఏం వచ్చి ఉండాలి అన్నదగ్గర ఒకటే మాట రాశాడు. నిద్ర ఆపుకోవడం. పిలిచి అడిగితే వాళ్ళకి కోట వైపు రొయ్యల గుంటలున్నాయని తెలిసింది. గుంటల సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, పగలంతా ఎండకి నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే ఆ నాచూ, రొయ్యలూ, అడుగున బురదా అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్ తాగేస్తాయి. అందుకని తెల్లారకముందు, మూడు నాలుగు గంటల మధ్య, డీవో, అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి, జనరేటరు అందుకోక నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయంటే, లక్షలు పోసి పెంచిన పంట తెల్లారేసరికి నీళ్ళ మీద తేలుతుంది. వాడు పరీక్షల ముందు రోజు కూడా గుంట కాడ పడుకున్నవాడు.

వాడి మినీ ప్రాజెక్టు ఇంకా బాగుంటుంది. ఐఓటీ పెట్టి డీవో సెన్సార్‌ని ఫోనుకి కలిపి, ఆక్సిజన్ తగ్గితే అలారం మోగేలా చేశాడు. ల్యాబ్‌లో బకెట్ నీళ్ళలో చక్కగా పనిచేసింది, మార్కులూ వచ్చాయి. సెలవులకి తీసుకెళ్ళి సొంత గుంటలో పెడితే నాలుగో రోజుకి సెన్సార్ మీద జిగురు పట్టేసి, ఆక్సిజన్ ఉన్నా లేదని రాత్రంతా అలారం కొట్టింది. వాళ్ళ నాన్న అది పీకి గట్టు మీద పెట్టి, "ఏంది నాయనా, దీన్ని రోజూ తుడిచేది ఎవురు? నేనేగదా? ఆ తుడిచే టైములో నేనే ఒక చుట్టు తిరిగొస్తా" అన్నాడట. ఈ మాట చెప్పేటప్పుడు వాడు కొంచెం సిగ్గుపడ్డాడు గానీ, నాకు మాత్రం అక్కడే అసలు ప్రాజెక్టు మొదలైందనిపించింది. ఇప్పుడు సెన్సార్ తనంతట తాను తుడుచుకునేలా చిన్న బ్రష్షు పెట్టే పనిలో ఉన్నాడు. దీనికి మార్కులు లేవు, ఆ ప్రాజెక్టు సబ్మిషన్ ఎప్పుడో అయిపోయింది.

ఆ తుడిచేది ఎవరు అనే ప్రశ్న నన్ను పన్నెండేళ్ళు వెనక్కి తీసుకుపోయింది. అది కూడా చెప్పేస్తా.

నేను బీటెక్ ఫైనలియర్‌లో ఉన్నప్పుడు మా బ్యాచ్ నలుగురం కలిసి కనిగిరి వైపు ఒక ఊళ్ళో బడికి ఫ్లోరైడ్ ఫిల్టర్ పెట్టాం. ఒక డ్రమ్ము, లోపల యాక్టివేటెడ్ అల్యూమినా, చూడటానికి బొంబాయి రవ్వలా తెల్లగా ఉంటుంది, నీళ్ళు దానిలోంచి దిగేటప్పుడు ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది. కొంతకాలానికి ఆ రవ్వ నిండిపోతుంది. అప్పుడు దాన్ని కాస్టిక్ సోడా నీళ్ళతో కడిగి, తర్వాత పల్చని యాసిడ్‌తో సర్ది, మళ్ళీ వాడుకోవాలి. ఈ మాట మా రిపోర్టులో ఇరవై మూడో పేజీలో ఉంది, టేబుల్‌తో సహా. ప్రారంభం రోజు రిబ్బన్ కట్ చేశాం, ఫోటో పేపర్లో వచ్చింది, మా అమ్మ దాన్ని కత్తిరించి దేవుడి పటం వెనక పెట్టింది.

ఏడాదిన్నర తర్వాత పెళ్ళికి అటు పోతూ బడి దగ్గర ఆగాను. డ్రమ్ము అక్కడే ఉంది. పిల్లలు దానికి కొక్కెం కట్టి సంచులు తగిలించుకుంటున్నారు. నీళ్ళు వస్తున్నాయి, తాగుతున్నారు కూడా. దగ్గర టెస్ట్ కిట్ లేదు గానీ, ఒక్కసారి కూడా కడగని ఆ రవ్వ ఎప్పుడో నిండిపోయి ఉంటుందని చెప్పడానికి కిట్ అక్కర్లేదు. ఫ్లోరైడ్‌కి రంగు లేదు, రుచి లేదు, కాచినా పోదు, కాస్తే ఇంకా చిక్కబడుతుంది కూడా. ఫిల్టర్ పనిచేస్తున్నప్పుడు ఎట్టుంటాయో పనిచేయనప్పుడూ ఆ నీళ్ళు అట్టే ఉంటాయి. వంట చేసే ఆవిడని అడిగాను, కడగాలని మీకెవరూ చెప్పలేదా అని. "చెప్పారు నాయనా, ఆ సోడా చేతుల మీద పడితే కాలుద్దని కూడా చెప్పారు. మాకెందుకొచ్చిన తంటా" అంది. అంతకన్నా న్యాయమైన మాట ఇంకోటి లేదు. నెలకి ఏదో కాస్త జీతం తీసుకుని అరవై మందికి వండే మనిషిని కాస్టిక్ సోడా కలపమని రాసిన రిపోర్టుకి నాకు డిస్టింక్షన్ వచ్చింది.

ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు, మా బ్యాచ్‌లో మిగతా ముగ్గురికి కూడా. ఒకడు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు, ఇది చదివితే ఫోన్ చేస్తాడు.

మూడో కాగితం సీఎస్ఈ అమ్మాయిది. మొదటి సమస్యగా రాసింది: ఆఫ్రికాలో తాగునీరు.

ఊరు ఏదమ్మా అంటే పొదిలి పక్కన అంది. నాదీ ఆ వైపే, కాబట్టి తర్వాత ఏం అడగాలో నాకు తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ళకి కీళ్ళ నొప్పులున్నాయా అన్నాను. మా నాయనమ్మకి నడుం వంగిపోయింది సార్, వయసైపోయింది కదా అంది. వయసెంత అంటే అరవై ఉండొచ్చు అంది. క్లాసులో ఆ వైపు వాళ్ళు ఇంకో ముగ్గురు తలలు దించుకున్నారు. అందరిళ్ళలోనూ అలాంటి నాయనమ్మలున్నారు, అందరూ వయసనే అనుకుంటున్నారు.

ఆరోజు పాఠం పక్కన పెట్టి వాళ్ళకి చెప్పాను. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలూ కీళ్ళూ దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని మీద వచ్చిన తొలి పరిశోధన పత్రాల్లో ఒకటి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వచ్చింది, షార్ట్ అనే డాక్టరూ ఇంకో ఇద్దరూ కలిసి రాసింది, పత్రం పేరులోనే నెల్లూరు జిల్లా ఉంది. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, పొదిలి, కనిగిరి, దర్శి అన్నీ నెల్లూరులోనే ఉండేవి, మన జిల్లా పుట్టింది 1970లో. ఇక్కడి రాళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది, నీళ్ళలో కాల్షియం తక్కువై బైకార్బొనేట్ ఎక్కువైతే అది ఇంకా బాగా కరుగుతుంది, వానల్లేక బోర్లు లోతుకి పోయేకొద్దీ ఆ నీళ్ళే పైకి వస్తాయి. లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా అని మన ప్రమాణం. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 లక్ష్యాల్లో ఆరోది మంచినీళ్ళు. అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ 2008లో ఈ శతాబ్దపు ఇంజనీర్లకి 14 సవాళ్ళు అని చెప్పింది, అందులోనూ మంచినీళ్ళున్నాయి. ఆఫ్రికా అని రాస్తే తప్పు కాదమ్మా, అక్కడ కూడా ఇదే రాయి ఇదే జబ్బు ఉన్న చోట్లున్నాయి, కానీ నువ్వు తొంభై ఏళ్ళ కిందట పుస్తకాలకెక్కిన చోటి నుంచి రోజూ బస్సులో వస్తున్నావు.

వెలిగొండ ప్రాజెక్టు వస్తే తీరిపోతుంది కదా సార్ అన్నాడు ఒకడు. నల్లమల కింద పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా రెండు సొరంగాలు తొలిచారు, శ్రీశైలం నీళ్ళు ఇటు తేవడానికి. వస్తే సంతోషమే. సొరంగం చివర నుంచి వాళ్ళింటి బిందె దాకా ఎవరెవరు ఏమేం చేస్తే ఆ నీళ్ళొస్తాయో బోర్డు మీద గీయమన్నాను. వాడు కాలువ గీసి ఆగాడు, ఇంకొకడు వచ్చి చెరువు గీశాడు, ట్యాంకు గీశాడు, వాల్వు దగ్గర మనిషిని ఎవరు పెడతారని గొడవ మొదలైంది, బెల్లు కొట్టేదాకా వదల్లేదు. పైథాన్ మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తినా నేను కాదనను, ఊరి నీళ్ళ లెక్కలు వేయడానికి అదీ కావాలి. అయినా వీళ్ళని క్యాంపస్ ఇంటర్వ్యూలో వాల్వు గురించి ఎవరూ అడగరు, అది నాకూ తెలుసు, చదువు మీద అప్పు ఉన్న ఇంటికి ముందు ఉద్యోగం కావాలి.

సోమవారం ఆ పొదిలి అమ్మాయి స్ప్రైట్ సీసాలో నీళ్ళు తెచ్చింది. ల్యాబ్‌లో కిట్ తీశాం. గులాబీ రంగు రియేజెంట్ రెండు చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ లేకపోతే గులాబీగానే ఉంటుంది, ఎక్కువుంటే పసుపుకి తిరుగుతుంది. ట్యూబు కాసేపు గులాబీగానే ఉన్నట్టుంది, తర్వాత అంచుల నుంచి పాలిపోయి, నిమ్మరసం రంగుకి వచ్చేసింది. ఆ అమ్మాయి ట్యూబుని కిటికీ వైపు పెట్టి చూసింది, మళ్ళీ చార్టు పక్కన పెట్టి చూసింది.

"తాగడానికి క్యాన్ నీళ్ళే కదమ్మా మీకు?"

"తాగడానికి క్యానే సార్. అన్నానికి, పప్పుకి, టీకి ఇవే."

అది నేను కూడా ఎప్పుడూ అడగని ప్రశ్న. మా ఇంట్లో కూడా అంతే, బోరు నీళ్ళతోనే వండేవాళ్ళు.

మర్నాటికి ల్యాబ్ బల్ల మీద పంతొమ్మిది సీసాలున్నాయి. మార్కర్‌తో ఊళ్ళ పేర్లు, బోరు లోతు, వంటకా తాగడానికా అని కూడా రాశారు. వంట సంగతి రాయమని నేను చెప్పలేదు, ఆ అమ్మాయే అందరికీ వాట్సాప్‌లో పెట్టిందట. రియేజెంట్ పదకొండో సీసాకే అయిపోయింది. ఇంకో డబ్బా కావాలని ఇండెంట్ పెట్టబోతే, ఇది ఏ సబ్జెక్టు కిందకి వస్తుంది సార్, ఏ పీవోకి మ్యాప్ చేశారు అని ఆఫీసులో అడిగారు. ఫారం ఇంకా నా బ్యాగులోనే ఉంది. మిగతా ఎనిమిది సీసాలు కిటికీ పక్కన ఉన్నాయి.