పోపుల డబ్బాలో చెంపపిన్నులు

గత కార్తీకంలో మా ఆడపడుచు గృహప్రవేశానికి మేముండే బెంగళూరులోనే ఎలక్ట్రానిక్ సిటీ దాటి చందాపుర వైపు వెళ్ళవలసి వచ్చింది. ముహూర్తం ఉదయం 5 గంటల 40 నిమిషాలకు కాబట్టి మూడున్నరకే లేచి, తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, ముడి వేసుకోవడానికి అద్దం ముందు కూర్చున్నాను. ఇంట్లో చెంపపిన్నుల అట్టలు కనీసం నాలుగు ఉండాలని నాకు కచ్చితంగా తెలుసు, ఎందుకంటే దొరకనప్పుడల్లా కొత్త అట్ట కొన్నది నేనే. ఆ వేళ మాత్రం ఒక్క పిన్ను కూడా చేతికి తగలలేదు. ఒకే రబ్బరు బ్యాండుతో చుట్టిన ఆ ముడి, దంపతులు పీటల మీద కూర్చోకముందే జారి భుజం మీదికి వచ్చింది. ఆనాటి ఫోటోలన్నిటిలోనూ నేను ఒక చేత్తో మెడ వెనుక పట్టుకుని కనిపిస్తాను. మెడనొప్పి తగ్గిందా అని అడిగే బంధువులు ఇప్పటికీ ఉన్నారు.

తరువాతి ఆదివారం హాల్లో పాత దుప్పటి పరిచి, డ్రెస్సింగ్ టేబుల్ సొరుగులు, స్నానాలగది అర, బీరువాలోని చేతిసంచులు, చివరికి కారు సొరుగు కూడా దాని మీద గుమ్మరించాను. లిప్‌స్టిక్కులు 11 తేలాయి. అందులో 7 ఒకే ఇటుక రంగువి. సగం వాడిన సీరమ్ సీసాలు 4, ఎండిపోయిన కాటుక పెన్సిళ్ళు, హోటళ్ళ నుంచి తెచ్చుకున్న బుల్లి షాంపూలు, పుస్తకంలో నెమలీకలా దాచిన శాంపిల్ ప్యాకెట్లు బయటపడ్డాయి. పిన్నుల అట్టలు నాలుగు కాదు, ఆరు. ఒకటి మావారి షేవింగ్ పెట్టెలో ఉంది. అది అక్కడికి ఎలా చేరిందో ఈ ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు.

సర్దడం కన్నా ముందు తీసివేయవలసినవి తీసివేయాలని అప్పుడు అర్థమైంది. సౌందర్య సాధనాలపై గడువు తేదీ ముద్రించాలని మన దేశపు 2020 నాటి కాస్మెటిక్స్ నియమాలు చెబుతున్నాయి కాబట్టి, డబ్బా అడుగునో అట్టపెట్టె అంచునో అది దొరుకుతుంది. అయితే చాలా సీసాల మీద మూత తెరిచిన చిన్న డబ్బీ బొమ్మ, అందులో 6ఎం, 12ఎం వంటి గుర్తు కూడా ఉంటాయి. యూరప్ నియమాల నుంచి వచ్చిన ఆ గుర్తుకు, మూత తీసిన నాటి నుంచి అన్ని నెలలే వాడాలని అర్థం. ఈ రెండింటిలో ఏది ముందు వస్తే అదే అసలు గడువు. మూత ఎప్పుడు తీశామో గుర్తుండదు కనుక, ఇప్పుడు ప్రతి సీసా అడుగున చిన్న కాగితపు టేపు అంటించి, తెరిచిన నెల రాస్తున్నాను. కంటికి సంబంధించిన వాటి విషయంలో నేను జాలి చూపలేదు. మస్కారా మూడు నుంచి ఆరు నెలలకు మించితే, ఎంత ఖరీదైనదైనా చెత్తబుట్టకే వెళ్ళింది. పొడిగా ఉండే పౌడర్ల మీద, గోళ్ళ రంగుల మీద కొంత ఉదారంగా ఉన్నాను. సి విటమిన్ సీరమ్ మాత్రం తేదీ చూడకముందే తన సంగతి చెప్పేసింది. వెలుతురు, గాలి, వేడి తగిలితే అది ఆక్సీకరణం చెంది పసుపు రంగుకు, ఆ తరువాత గోధుమ రంగుకు తిరుగుతుంది. నా సీసాలో ఉన్నది అల్లం టీలా ఉంది.

పారేయగా మిగిలినవాటిని ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద ప్రశ్న. రెండేళ్ళ క్రితం అందరూ చూపిస్తున్నారని పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలు మూడు కొన్నాను. అవి చూపుకు ముచ్చటగానే ఉన్నాయి గాని, మా పడకగది కిటికీ పడమటి వైపుది. సాయంత్రం నాలుగైతే ఎండ నేరుగా వాటి మీదే పడుతుంది. సీరమ్ పాడవడానికి కారణం అదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. స్నానాలగది అంతకన్నా మేలు కాదు, ఎందుకంటే గీజర్ వేసిన ప్రతిసారీ అక్కడ ఆవిరి కమ్ముకుంటుంది. పౌడర్ గడ్డకడుతుంది, పిన్నులు తుప్పు పడతాయి. అందుకని అక్కడ షాంపూ, కండిషనర్, ముఖం కడుక్కునే సబ్బు, వెడల్పాటి పళ్ళ దువ్వెన మాత్రమే ఉంచాను.

మిగతావాటిని రకాన్ని బట్టి కాకుండా వేళను బట్టి విడదీశాను. పెదవుల రంగులన్నీ ఒకచోట, క్రీములన్నీ ఒకచోట పెట్టే పద్ధతి దుకాణానికి సరిపోతుంది. ఉదయం ఏడున్నరకు ఒక చేత్తో పాప టిఫిన్ డబ్బా మూత పెడుతున్న మనిషికి సరిపోదు. ఉదయం పళ్ళెంలో మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, కాటుక, ఒకే ఒక లిప్‌స్టిక్, చేతికి అందే వరుసలోనే ఉంటాయి. రాత్రివి మంచం పక్కనున్న సొరుగులో ఉంటాయి. పండుగలకు, పెళ్ళిళ్ళకు తీసేవన్నీ బీరువా పై అరలో ఒక పెట్టెలో ఉంటాయి. దాన్ని నెలకొకసారి కూడా తెరవను. సన్‌స్క్రీన్ అన్నిటికన్నా ముందు నిలబడటానికి కారణం బెంగళూరే. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి చల్లగా తగులుతుంది, ఎండ లేదనిపిస్తుంది; కాని చర్మాన్ని నల్లబరిచే అతినీలలోహిత కిరణాలకూ ఉక్కపోతకూ సంబంధం లేదు. నెల్లూరులో ఎండకు భయపడి గొడుగు పట్టిన నేను, ఇక్కడికి వచ్చాకే ఎక్కువ కమిలిపోయాను.

ఇక పిన్నుల సంగతి. పెళ్ళైన కొత్తలో అమ్మ ఇచ్చిన స్టీలు పోపుల డబ్బా, కొత్తది కొన్నాక, వంటింటి అటక మీద ఖాళీగా పడి ఉంది. అందులోని ఏడు గిన్నెలను చూడగానే నా సమస్యకు ఎవరో కొలతలు తీసి చేసినట్లనిపించింది. ఆవాల గిన్నెలో చెంపపిన్నులు, జీలకర్ర గిన్నెలో యు ఆకారపు ముడిపిన్నులు, మినప్పప్పు ఉండేచోట నల్ల రబ్బరు బ్యాండ్లు, శనగపప్పు స్థానంలో పాప క్లిప్పులు, మెంతులకు బదులు పిన్నీసులు, ఎండుమిరప ముక్కలుండే గిన్నెలో బొట్టుబిళ్ళలు, నడుమ గిన్నెలో జడకు పెట్టుకునే చిన్న రాళ్ళ పువ్వులు చేరాయి. మూత ఉంది కాబట్టి దుమ్ము పడదు. పక్కన మెట్రో పని జరిగే వీధిలో ఉండేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. ఇంగువ వాసన పోవడానికి నిమ్మచెక్కతో రెండుసార్లు తోమి ఎండబెట్టవలసి వచ్చింది. అయినా ముసురు పట్టిన రోజున మూత తీస్తే, జడలో మల్లెలకన్నా ముందు చారు గుర్తుకు వస్తుంది.

పిన్నులు దొరికాక తెలిసిన సంగతి ఏమిటంటే, గృహప్రవేశం నాడు అవి దొరికినా నా ముడి నిలిచేది కాదు. అప్పుడే కండిషనర్ రాసి కడిగిన జుట్టు పట్టులా జారుతుంది. దానిలో పిన్ను పట్టు దొరకక కిందికి దిగుతుంది. తెల్లవారితే ముడి వేసుకోవాలంటే ముందురోజు సాయంత్రమే తలస్నానం చేయాలి. పిన్నును గుచ్చే తీరు కూడా ఇన్నేళ్ళూ నాకు తప్పుగానే వచ్చు. చెంపపిన్నుకు వంకరలున్న వైపు నెత్తికి ఆనాలి, నున్నటి వైపు పైకి కనబడాలి. ముడిపిన్నును నేరుగా దించకుండా, ముందు ముడి అంచున కొన్ని వెంట్రుకలను బయటి వైపు నుంచి పట్టుకుని, అక్కడే దాన్ని తిప్పి ముడి మధ్యకు తోయాలి. అలా గుచ్చినవి నాలుగు చాలు. ఇదివరకు పన్నెండు పెట్టేదాన్ని.

జుట్టు మన మాట వినడం, వినకపోవడం నీటి మీద ఎంత ఆధారపడి ఉందో బెంగళూరు నేర్పినట్టు ఇంకే ఊరూ నేర్పదు. మా అపార్టుమెంటుకు కొన్నాళ్ళు కావేరి నీళ్ళు, కొన్నాళ్ళు బోరు నీళ్ళు వస్తాయి. 2024 వేసవిలో బోర్లు ఎండినప్పుడు వారాల తరబడి ట్యాంకరు నీళ్ళే గతి అయ్యాయి. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వెంట్రుకల మీద పేరుకుని జుట్టును చీపురుపుల్లల్లా చేస్తాయి. ఇప్పుడు షాంపూ కొనేటప్పుడు దాని వెనుక జాబితాలో ఈడీటీఏ అన్న మాట ఉందో లేదో చూస్తున్నాను, ఎందుకంటే అది ఆ లవణాలను పట్టి కడిగేయడానికి పనికివస్తుంది. తలస్నానం చివర రెండు చెంబులు వంటింటి ఆర్వో నీళ్ళు పోసుకుంటాను. అయితే ఆ యంత్రం బయటికి వదిలే నీటిని బకెట్లో పట్టి తలకు పోసుకోకూడదు. అందులో లవణాలు మామూలు నీటికన్నా ఎక్కువగా ఉంటాయి. ఆ నీళ్ళు గచ్చు తుడవడానికే.

కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీలకు దిగే పుష్యమాసంలో మా సీసాలో నూనె తెల్లటి మైనంలా నిలిచిపోతుంది. అందుకే చలికాలానికి సన్నమూతి సీసా నుంచి వెడల్పు మూతి గాజుసీసాలోకి మార్చాను; చెంచాతో తీసుకుని అరచేతిలో కరిగించుకోవచ్చు. తలస్నానానికి ముందు నూనె రాసే అలవాటుకు శాస్త్రాధారం కూడా ఉంది. 2003లో వెలువడిన ఒక పరిశోధన కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి, కొబ్బరి నూనె ఒక్కటే వెంట్రుకల నుంచి ప్రొటీన్ నష్టాన్ని తగ్గించిందని చూపింది. ఆ పరిశోధకులు కొబ్బరి నూనె అమ్మే సంస్థకు చెందినవారే అన్న సంగతిని మరవకుండానే నేను దాన్ని నమ్ముతున్నాను, ఎందుకంటే మా అమ్మకు ఏ సంస్థతోనూ సంబంధం లేదు, ఆమె కూడా అదే చెబుతుంది.

వేడి విషయంలో నా అభిప్రాయం కొంత మారింది. డ్రైయర్ అంటేనే జుట్టుకు శత్రువని అనుకునేదాన్ని. 2011లో కొరియా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, డ్రైయర్‌ను 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఆగకుండా కదిలిస్తూ ఆరబెట్టిన జుట్టు, గాలికి వదిలేసి ఆరిన జుట్టుకన్నా లోపల తక్కువ దెబ్బతిన్నదని తేలింది. ఎక్కువసేపు తడిగా ఉండడమే వెంట్రుకకు ఒక కష్టమట. తడి జుట్టుకు స్ట్రెయిటనర్ తగిలించడం మాత్రం వేరే సంగతి. వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు ఏర్పడతాయి, ఆ చోట వెంట్రుక తెగుతుంది. పూర్తిగా ఆరాక, 160 డిగ్రీలకు మించకుండా, ఒక పాయ మీద ఒక్కసారి మాత్రమే నడుపుతున్నాను. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరుకు కొంచెం పైగా పెరుగుతుంది కాబట్టి, నడుము దాకా ఉన్న నా జడ చివర్లకు నాలుగైదేళ్ళ వయసు ఉంటుంది. అన్నేళ్ళు వాడిన చీరనైతే మనం మెల్లగానే ఉతుకుతాం.

నిజానికి ఏ యంత్రమూ లేకుండా అలలు తెప్పించే ఉపాయం చిన్నప్పటి నుంచి మన చేతిలోనే ఉంది. కొద్దిగా తడిగా ఉన్న జుట్టును నాలుగు పాయలుగా వదులుగా అల్లుకుని పడుకుంటే, పొద్దుటికి విప్పినప్పుడు అలలు నిలుస్తాయి. తడి తగిలినప్పుడు వెంట్రుకలోని ప్రొటీన్ అయిన కెరటిన్‌లో హైడ్రోజన్ బంధాలు విడిపోయి, ఆరేటప్పుడు అప్పుడున్న ఆకారంలోనే మళ్ళీ కలుస్తాయి. అందుకే బెంగళూరు పొడిగాలిలో సాయంత్రం దాకా ఉండే అలలు, తేమగాలి వీచే చెన్నైలో పెరంబూరులోని మా అక్క ఇంటికి వెళ్ళి ఆటో దిగేసరికి పోతాయి. అక్కడ అల్లిన జడే గౌరవం. పాపకు బడికి రెండు జడలు మడిచి రిబ్బను కట్టాలి. బిగువుగా ఉంటే మధ్యాహ్నం దాకా చెదరదన్న ఆశతో నుదుటి దగ్గర లాగి దువ్వేదాన్ని. రోజూ అలా లాగితే పాపిట దగ్గర, చెంపల దగ్గర జుట్టు పలచబడుతుందని చర్మవైద్యులు హెచ్చరిస్తారు. ఇప్పుడు నాలుగు వెంట్రుకలు ఎగిరినా ఎగరనిస్తున్నాను.

సంక్రాంతికి అమ్మ వచ్చింది. గాంధీ బజారులో పూలమ్మి కన్నడంలో మొళ అంటే తను మూర అంటూనే బేరం చేసి, మల్లెలు, కనకాంబరాలు కలిపి కట్టిన మాల రెండు మూరలు తెచ్చింది. పండుగ ఉదయం పాపకు పూలు పెట్టడానికి నేను పోపుల డబ్బాను వంటింటి గట్టు మీద పెట్టి, ఫోను మోగితే బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పొయ్యి మీద నూనె పొగలు కక్కుతోంది, అమ్మ వేళ్ళలో నాలుగు చెంపపిన్నులు ఉన్నాయి.

“ఏంది మే ఇది, మీ బెంగళూరులో పప్పుకు వీటితోనే తాలింపు పెడతారా?” అంది.

పొయ్యి ఆర్పి, అసలు డబ్బా తీసి ఇచ్చాను. తాలింపు అయ్యాక ఆమె ఎండుమిరపల గిన్నెలోంచి ఎర్రటి పెద్ద బొట్టుబిళ్ళ ఒకటి తీసి, పిన్నుల డబ్బా మూత నడిమధ్యన అంటించింది. అది ఇప్పటికీ ఊడలేదు.