సార్ రాసిచ్చిన రెండు కాగితాలు

తొమ్మిదో తరగతిలో ఉండగా మండల కేంద్రంలో జరిగే వక్తృత్వ పోటీకి మనం చదివిన గిరిజన ఆశ్రమ పాఠశాల తరఫున నన్ను పంపారు. బస్సు దిగి మెట్లెక్కుతుంటే వెనక నుంచి ఎవరో "అడివోళ్లు కూడా వచ్చార్రా" అన్నారు. అంతే, బట్టీ పట్టిందంతా గొంతులోనే ఆగిపోయింది. రెండు వాక్యాలు చెప్పి స్టేజీ దిగిపోయాను.

మన సోషల్ సార్ ఆ రాత్రి నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు స్టడీ అవర్‌లో రెండు కాగితాలు చేతిలో పెట్టారు. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. పైన "జైపాల్ సింగ్ ముండా, రాజ్యాంగ సభ, 19 డిసెంబర్ 1946" అని రాసి కింద గీత కొట్టి ఉంది. ఆ ప్రసంగంలోని, ఆ సభలో ఆయన తర్వాత మాట్లాడినవాటిలోని ముక్కల్ని సార్ తనే తెలుగు చేసి రాశారు. "పైకి చదువు, చివరి బెంచీకి వినబడాలి" అన్నారు.

మొదట్లోనే జైపాల్ సింగ్ తనను తాను జంగ్లీనని, అంటే అడివోణ్ణని, ఆదివాసినని చెప్పుకున్నారు. అదీ నెహ్రూ, రాజేంద్రప్రసాద్ ఉన్న, దేశానికి రాజ్యాంగం రాసే సభలో! అది తిట్టు కదా సార్ అని అడిగాను. జవాబుగా సార్ వారం రోజులు ఆయన కథే చెప్పారు. మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

రాంచీ దగ్గర ఖూంటీ వైపు టక్రా అనే ముండా ఊళ్లో 1903లో పుట్టి, పశువులు కాసిన పిల్లవాడు మిషన్ బడి నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్ ఆయనే. జట్టులో గొడవల వల్ల ఫైనల్ ఆడలేదు గానీ, ఆ ఏడాది మనవాళ్లు 29 గోల్స్ కొట్టి, ఒక్కటి కూడా ఇవ్వకుండా బంగారు పతకం తెచ్చారు. అది విన్న సాయంత్రమే మనం వంపు తిరిగిన కొమ్మలు నరుక్కొచ్చి హాస్టల్ వెనక హాకీ మొదలుపెట్టాం.

రెండో కాగితంలో ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ల దగ్గర మీరే నేర్చుకోవాలి అన్న మాట ఉంది. మా గూడెంలో పెద్దలు అందరి మాటా విన్నాకే తీర్పు చెప్పేవాళ్లు. దాన్నే ప్రజాస్వామ్యం అంటారని నాకు తెలిసింది ఆ రోజే. మద్య నిషేధం మీద చర్చ వచ్చినప్పుడూ ఆయన లేచి, బియ్యం కల్లు మా పూజలో భాగం, నాట్లేసే కూలికి అది కావాలి అని వాదించారు. భూమి పండగనాడు మా తాత ముందు నేల మీద నాలుగు చుక్కల ఇప్పసారా వంపి, ఆ తర్వాతే విత్తనాల బుట్ట ముట్టేవాడు. ఢిల్లీలో మా తాత తరఫున మాట్లాడిన మనిషి ఒకడున్నాడని నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఆయనను అక్కడి ఆదివాసులు మరంగ్ గోమ్కే అంటారు, అంటే పెద్ద నాయకుడు. 1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యారు, తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం జార్ఖండ్ పార్టీ పెట్టారు. 1952 ఎన్నికల్లో బీహార్ అసెంబ్లీలో ఆ పార్టీ ప్రధాన ప్రతిపక్షం అయింది. 1963లో దాన్ని కాంగ్రెస్‌లో కలిపేశారు. ఎన్నిసార్లు ఆలోచించినా ఆ విలీనం నాకు మింగుడు పడదు. అన్నేళ్లుగా వెంట నడిచిన జనానికి అది న్యాయం కాదనే అనుకుంటాను. అడిగిన రాష్ట్రాన్ని చూడకుండానే 1970 మార్చిలో పోయారు. మన దగ్గర ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం వచ్చింది ఆ ఏడాదే. జార్ఖండ్ మాత్రం 2000 నవంబర్ 15న, బిర్సా ముండా పుట్టినరోజున ఏర్పడింది.

మరుసటి ఏడు అదే పోటీకి మళ్లీ వెళ్లాను. "నేను అడివోణ్ణి" అనే మొదలుపెట్టాను. ప్రైజ్ రాలేదు. ఆపకుండా చివరిదాకా చెప్పాను. దిగి వచ్చాక సార్ నా భుజం మీద చెయ్యేసి హోటల్‌కి తీసుకెళ్లి పూరీ తినిపించారు.

సార్, ఈ జనవరిలో అందరం కలుస్తున్నాం కదా, ఆ కాగితాలు తెస్తున్నాను. రెండోదాని కింది మూల చిరిగిపోయింది. షెడ్యూల్డ్ తెగలను హిందీలో "బన్‌జాతి" (అడవి జాతి) అనొద్దు, ఆదివాసి అనండి అని జైపాల్ సింగ్ అడిగిన చోటు అది. "ఆదివాసి అన్న మాటలో" అనే దాకా ఉంది. ఆ తర్వాత మీరు ఏ మాట రాశారో చెబితే అక్కడ రాసుకుంటాను.