ఎడమ మోకాలి మీద మచ్చ

ఈ రోజు పెద్ద పనేమీ పెట్టుకోలేదు. పొద్దున్నే నాగావళి గట్టున కాసేపు నడిచి వచ్చి, పేపరు చదువుతుండగా తమ్ముడి కూతురు ఫోను చేసింది. ప్రపంచ న్యాయ చరిత్రలో పీహెచ్‌డీ పరిశోధనలకిచ్చే ఒక బహుమతికి తన సిద్ధాంత గ్రంథాన్ని పంపుతోంది. "పెదనాన్నా, కొన్ని ఊళ్ల పేర్లు అర్థం కావడం లేదు, చూసి చెప్పవా?" అని పన్నెండు కాగితాలు ఫోనులో పంపింది.

అవి ఫిజీకి కూలీలుగా వెళ్లినవాళ్ల ఎమిగ్రేషన్ పాసులు. మద్రాసు రేవు నుంచి అక్కడికి 1903లో ఓడలు మొదలయ్యాయి. ఒక పాసు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా. అంటే మా శ్రీకాకుళమే. తండ్రి పేరు, కులం, వయసు 22, ఎడమ మోకాలి మీద మచ్చ. ఊరి పేరు దగ్గర మాత్రం సిరా అలుక్కుపోయింది, చివర 'వలస' ఒక్కటే తెలుస్తోంది. మా జిల్లాలో వలసతో ముగిసే ఊళ్లకు లెక్కేముంది!

ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసి బతికినవాణ్ని. ఒప్పందం తప్పితే సివిల్ దావా, నష్టపరిహారం అని ఎందరికో చెప్పాను. ఈ కుర్రాడు వేలిముద్ర వేసిన అయిదేళ్ల ఒప్పందం అలాంటిది కాదు. చెప్పకుండా పని మానేస్తే జరిమానా, లేదా జైలు. అగ్రిమెంటు అన్న మాట వాళ్ల నోట 'గిర్మిట్' అయింది. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు అరవై వేల మంది, దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1860 నుంచి 1911 వరకు లక్షా యాభై రెండు వేల మంది ఇలాంటి కాగితాలతోనే ఓడెక్కారు. ఒక వలస రాజ్యంలో పెట్టిన షరతు మరో దానికి ఎలా పాకిందో, కూలీలు పెట్టుకున్న అర్జీలు దాన్ని ఎక్కడ కదిలించాయో మా పిల్ల వెతికి రాసింది. నాకు గర్వంగా ఉంది. ఆ బహుమతి తనకే రావాలి.

సాయంత్రం భూతద్దం పెట్టి చూస్తే 'వలస' ముందు మరో రెండు అక్షరాలు దొరికాయి. అవి రెండు ఊళ్లకు సరిపోతాయి. ఊహించి రాయవద్దని తనకు చెప్పాను. ఆదివారం బస్సెక్కి రెండు ఊళ్లకూ వెళ్తాను. ఫిజీ వెళ్లినవాళ్ల మాట పెద్దవాళ్లెవరైనా విన్నారేమో అడగాలి.