గేటు బయట పోయిన టైం

కరోనా మాట వస్తే మా ఇంట్లో అందరూ ఆక్సిజన్ సిలిండర్ల గురించే చెప్తారు, నాకు మాత్రం ఒక హాస్పిటల్ గేటు గుర్తొస్తది.

2021 మే, లాక్‌డౌన్, పొద్దున పదింటికే నర్సంపేట బంద్. సాయంత్రం వంట చేస్తుంటే నాకు పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి పడిపోయింది, మూతి ఒక పక్కకి పోయింది, మాట రాలేదు. మా బావగారేమో "పొద్దుగాల చూద్దాంలే, ఇప్పుడు దవాఖానకు పోతే లేని కరోనా అంటుకుంటది" అన్నారు. మా అబ్బాయి వినకుండా కార్లో వేసుకుని వరంగల్ బయల్దేరాడు. చెక్‌పోస్ట్ దగ్గర కానిస్టేబుల్ నా మొహం చూసి పాస్ కూడా అడక్కుండా బారికేడ్ జరిపాడు, ఆయన చల్లగుండాలి.

ఆపింది హాస్పిటల్ వాళ్ళే. కరోనా రిపోర్ట్ వచ్చాకే లోపలికి అన్నారు, మావాడు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు, నాకు అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి, నోరే లేవట్లేదు. మెదడుకి పోయే రక్తాన్ని ఆపిన గడ్డని కరిగించే ఇంజెక్షన్ పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీసి మెదడులో రక్తం కారలేదని చూశాకే. మేం గేటు దగ్గరికి వచ్చేసరికి ఇంకా టైం ఉంది. లోపలికి పోయేసరికి లేదు. అప్పుడు డ్యూటీ డాక్టర్ అన్న మాట, "ఇంత లేటుగా తెస్తే మేమేం చేస్తామమ్మా". ఆ మాటకి ఈ రోజుకీ కడుపు మండుతది.

ఆ రాత్రి వార్డులోకి ఇంటోళ్ళని రానివ్వలేదు. నాలుక పిడచకట్టుకుపోతోంది, సైగ చేసి నీళ్ళడిగితే ఎవరూ ఇవ్వరు, చావడానికి వదిలేశారనుకున్నా. అర్ధరాత్రి పీపీఈ కిట్ వేసుకున్న ఒక నర్సమ్మ వచ్చి, "మింగుడు సరిగ్గా ఉందో లేదో చూడకుండా తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయక్కా" అని చెప్పి తడి దూదితో పెదాలు తుడిచింది. ఆమె మొహం ఎలా ఉంటదో నాకు తెలీదు.

ఫిజియోథెరపీ గురించి ఏం చెప్పను, రోజూ అదే, ఏడ్చుకుంటూ చేశా. కొమురవెల్లి మల్లన్న మొక్కు తీర్చుకున్నాం, బీపీ గోలీ మాత్రం మల్లన్న మీద వదిలెయ్యట్లేదు. ఇప్పుడు మాట వచ్చింది, సంతకమే వంకర.

2020లో మొదటి లాక్‌డౌన్‌ అప్పుడు దేశంలో పక్షవాతానికి వైద్యం చేసే 13 స్ట్రోక్ సెంటర్లలో లెక్క తీస్తే వచ్చే కేసులు సగానికి పైగా పడిపోయాయట. కరోనా వస్తే పక్షవాతం తగ్గుతదా? మా బావగారి లాంటోళ్ళు ప్రతి ఇంట్లో ఉన్నారు, అంతే. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా 108కి కొట్టండి, పసరు మందుకి పోకండి, సీటీ ఉన్న చోటికే తీసుకెళ్ళమని చెప్పండి.

ఆ హాస్పిటల్ బిల్లులో పీపీఈ కిట్లకని వేరే డబ్బులు వేశారు. ఆ నర్సమ్మకి అందులో రూపాయైనా అందిందో లేదో.