చల్లారిన అన్నం

ఆ మాట మొదట నాకు "కవాయీ" అని వినిపించింది. ముద్దుగా ఉందంటున్నారేమో అనుకుని నవ్వాను కూడా. పక్కన కూర్చున్న నేపాలీ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆ మాట అన్న హాన్‌చో గారు, అంటే మా పనిలో పెద్దావిడ, అటు వెళ్ళాక నా చెవి దగ్గరకొచ్చి హిందీలో చెప్పింది. "దీదీ, కవాయీ కాదు, కవాయ్‌సో అన్నారు. బేచారా అని."

పాపం అని. మా ఆయన్ని.

టోక్యో నుంచి తోజాయ్ రైలు లైన్‌లో చిబా వైపు వెళ్తే వచ్చే ఒక బెంటో (డబ్బా భోజనం) ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళం అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటలే పనిచేయొచ్చు. అందుకని రోజుకి అయిదు గంటల చొప్పున అయిదు రోజులు వెళ్తాను. తెల్ల బట్టలు, జుట్టంతా కప్పే టోపీ, మాస్కు, రెండు జతల గ్లవ్స్. లోపలికి వెళ్ళే ముందు జిగురు రోలరుతో ఒకరి వీపు ఒకరం దులుపుకోవాలి. బెల్టు మీద డబ్బాలు వస్తుంటే ఒకరు అన్నం దగ్గర, ఒకరు చేప ముక్క దగ్గర, ఒకరు గుడ్డు దగ్గర నిలబడతాం. నా చోటు చివరి మూల. పసుపురంగు ముల్లంగి ఊరగాయ రెండు ముక్కలు, ఒకదాని మీద ఒకటి కొంచెం వాలినట్టు పెట్టాలి. మా లైనుకి పెద్ద ఈ హాన్‌చో గారు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ, కళ్ళు ఎక్కువ.

జూన్ నెలాఖరు. ఇక్కడ ‘త్సుయు’ అంటారు, రోజుల తరబడి సన్నటి వాన, ఉతికిన బట్ట ఆరదు. మధ్యాహ్నం విరామంలో నా స్టీలు డబ్బా మూత తీశాను. మూత లోపలివైపు పట్టిన నీళ్ళు జారి టేబుల్ మీద పడ్డాయి. ఆవిడ ఆగి చూసింది. అన్నం వేడిగా ఉండగానే మూత పెట్టావా అని అడిగింది. అవునన్నాను. ఇంట్లో మీ ఆయనకీ ఇలాగేనా? రోజూ ఇలాగే, అయిదింటికి లేచి, అని వచ్చిన కాస్త జపనీస్‌లో చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. అప్పుడు అంది ఆ మాట. అని, "దమే" అని వేలు అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. అలా చెయ్యకు అని.

మిగతా రెండు గంటలూ ముల్లంగి ముక్కలు పెడుతూనే ఉన్నాను. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి, లోపల మాత్రం ఆవిడకి జవాబులు చెబుతూనే ఉన్నాను. అన్నం సంగతి నాకా చెబుతారు? గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని. మా నాన్న మండపేటలో రైస్ మిల్లు గుమాస్తాగా బతుకంతా బియ్యం మధ్యే గడిపారు. మా ఇళ్ళల్లో వేడి తగ్గిన అన్నం మనిషి ముందు పెట్టడమంటే ఏమిటో ఆవిడకి తెలుసా? అల్లుడు రాత్రి పదకొండింటికి బస్సు దిగినా అత్తగారు మళ్ళీ ఎసరు పెడుతుంది. "చల్లారిపోతోంది, లేవండి" అనే కేక లేకుండా మన ఇళ్ళల్లో ఒక్క పూటా గడవదు. అన్నం ఎలా ఉందో తర్వాత సంగతి, ముందు పొగలు రావాలి. పొగలు రాకపోతే చేసిన మనిషికి ఆ పూట మనసు లేదనే లెక్క.

నాన్న క్యారేజీ గుర్తుకొచ్చింది. నాలుగు గిన్నెలది. అమ్మ పదకొండున్నరకి అన్నం వార్చేది. అడుగు గిన్నెలో అన్నం, పైన పప్పు, ఆ పైన కూర, అన్నిటికన్నా పైన పెరుగు. పన్నెండింటికి మిల్లు కుర్రాడు సైకిలు మీద వచ్చేవాడు. అమ్మ క్యారేజీని పాత తువ్వాల్లో చుట్టి ఇచ్చేది. సాయంత్రం నాన్న చెప్పులు విప్పుతుండగానే అమ్మ అడిగే మొదటి మాట, "మూత తీస్తే ఆవిరి వచ్చిందా?" వచ్చింది అంటేనే ఆవిడకి ఆ రోజు పూర్తయినట్టు. పాతికేళ్ళు అదే ప్రశ్న, అదే జవాబు.

నేను చేస్తున్నదీ అదేగా. టోక్యోలోని నిషి కసాయ్‌లో ఒంటి గది ఇల్లు, రెండు పొయ్యిలు. అయిదింటికి లేచి, కుక్కరు దించీ దించగానే డబ్బాలో పెట్టి మూత బిగించి, అమ్మలాగే తువ్వాలు చుట్టి పంపిస్తున్నాను. ఇందులో పాపం ఎక్కడుంది?

ఇంటికొచ్చే రైల్లో లెక్క వేసుకున్నాను. అమ్మ మూత పెట్టాక నాన్న మూత తీయడానికి మధ్య ముప్పై నిమిషాలు. నేను ఏడింటికి మూత పెడితే మా ఆయన తీసేది పన్నెండున్నరకి. ఆయన ఆఫీసున్న ఓతెమాచీకి పావుగంట ప్రయాణమే గానీ, ఆ డబ్బా తువ్వాల్లో ఉడుకుతున్నట్టు ఉండేది అయిదున్నర గంటలు.

అన్నిటికన్నా సిగ్గనిపించింది మరొకటి. ఎనిమిది నెలలుగా రోజూ నా కళ్ళ ముందు జరుగుతున్నదే అది. ఫ్యాక్టరీలో ఉడికిన అన్నాన్ని వేడిగా ఎప్పుడూ డబ్బాలో పెట్టరు. వాక్యూమ్ కూలర్‌లో పెట్టి నిమిషాల మీద చల్లారుస్తారు. ఆ తర్వాతే తూకం, ఆ తర్వాతే మూత. చేతులు కడుక్కునే చోట గోడ మీద మూడు మాటలు అంటించి ఉంటాయి. త్సుకెనై, ఫుయాసానై, యత్త్సుకేరు. సూక్ష్మజీవిని అంటనివ్వకు, పెరగనివ్వకు, చంపెయ్యి. అన్నం విషయంలో మూడోది పూర్తిగా సాధ్యం కాదని మొదటి వారం శిక్షణలోనే చెప్పారు. ఒక రకం సూక్ష్మజీవి గింజల్లా మారి, మరిగే నీళ్ళలో కూడా చావకుండా ఉండిపోతుందట. గోరువెచ్చగా, తడిగా గంటల తరబడి ఉంచామంటే ఆ గింజలు లేస్తాయి. మూతకి పట్టిన ఆవిరి మళ్ళీ అన్నం మీదే పడుతుంది, అంటే ఆ తడి మనమే ఇచ్చినట్టు. పరీక్ష కాగితంలో ఇవన్నీ నేనే రాశాను, పాసయ్యాను. కానీ అది ముక్కూముఖం తెలియని వాళ్ళు తినే అన్నం, సరుకు. ఇది మా ఇంటి అన్నం. రెండూ ఒకే అన్నమని నాకు తట్టలేదు.

ఆ రాత్రి మా ఆయన్ని అడిగాను. "నిజం చెప్పండి, ఎప్పుడైనా పాడైందా?"

"బాగానే ఉంటోంది" అన్నారు.

"నిజం చెప్పండి."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పప్పన్నం రెండుసార్లు తీగ సాగింది. పెరుగన్నం పులిసింది, అది తినేశాను."

"మరి ఆ రెండు రోజులూ?"

"కిందకెళ్ళి ఒనిగిరి కొనుక్కున్నాను."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అయిదింటికి లేచి చేస్తావు. ఏమని చెప్పను?"

రెండు రోజులు ఆ ఒనిగిరితో, సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్దతో, కడుపు నింపుకుని, ఖాళీ డబ్బా కడిగి తెచ్చి సింకు పక్కన పెట్టిన మనిషి. డబ్బా ఖాళీగా వచ్చిందంటే బాగా తిన్నారనుకుని ఎంత సంతోషపడ్డానో. హాన్‌చో గారు ఆ పాపం అన్న మాట మనిషిని చూడకుండానే అంది. మూత మీద నీటి బొట్టు చూసి అంది. నాకు మనిషి ఎదురుగా ఉన్నా తెలియలేదు.

వేడి చేసుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. ఆఫీసులో మైక్రోవేవ్ ఉంది. ఒకసారి పప్పు వేడి చేస్తే ఇంగువ పోపు వాసన ఫ్లోరంతా నిండిందట. ఎవరూ ఏమీ అనలేదు. ఈ దేశంలో ఎవరూ ఏమీ అనకపోవడమే బరువు. అప్పటినుంచి ఆయన దాని జోలికి పోలేదు. చారు కోసం వేడి నిలిచే ఫ్లాస్కు డబ్బా కొన్నాను. అదీ మూత తెరవకుండానే ఇంటికొచ్చింది. వేడే వాసనని లేపుతుంది, చల్లటి తిండి తన వాసన తన దగ్గరే ఉంచుకుంటుంది. ఇక్కడి డబ్బా వంటంతా చల్లగా తినడానికే చేసుకున్న వంట. చల్లగా ఉన్నా రుచి తెలియాలని ఉప్పూ తీపీ కొంచెం ముందుకుంటాయి. నూనె పేరుకోకూడదు, రసం కారకూడదు. భార్య కట్టిచ్చిన డబ్బాకి ‘ఐసాయ్ బెంటో’ అని వేరే పేరే ఉంది. అందులో ప్రేమ వేడితో కొలిచేది కాదు.

మర్నాడు సెలవు. పులిహోర కలుపుదామని అన్నం తాంబాళంలో ఆరబోశాను. నూనె వేశాను, పసుపు చల్లాను, మెతుకు విరగకుండా గరిటెతో చదును చేస్తున్నాను. అప్పుడు చెయ్యి ఆగిపోయింది. ఇది నాకు తెలియదా? వేడి అన్నంలో పులుసు కలిపితే ముద్దవుతుందని, ఆరబెట్టాకే కలపాలని పదేళ్ళ వయసులో అమ్మమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నానే. ఆరబెట్టడం, పులుపు పట్టించడం. కాకినాడలో సాయంత్రం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రి తినే పులిహోర, మర్నాడు హైదరాబాదులో మావయ్య వాళ్ళ పిల్లలు కూడా తినేవారు. సుషీ అన్నానికి వీళ్ళు చేసేదీ అదే కదా. చెక్క పళ్ళెంలో పరిచి, వెనిగర్ పోసి, విసనకర్రతో విసురుతారు. వీళ్ళకి వెనిగర్, మనకి చింతపండు.

అమ్మమ్మ ప్రయాణానికి పెరుగన్నం కూడా పెరుగుతో కలిపేది కాదు. మెత్తటి అన్నం చల్లారాక కాచి చల్లార్చిన పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేసేది. తినేవేళకి అది కమ్మగా తోడుకునేది. నేను ఇక్కడ చిక్కటి పెరుగు పోసి వేడి డబ్బాలో పెట్టి, పులిసిందంటే ఆశ్చర్యపోతున్నాను. చద్దిమూట కట్టి పొలానికి పంపిన వాళ్ళ మనవరాలిని నేను. పొద్దున్న కట్టి మధ్యాహ్నం తినే అన్నం ఎలా ఉండాలో మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. ఇంట్లో తినే అన్నానికీ దారిలో తినే అన్నానికీ వేరే పద్ధతులు పెట్టుకున్నారు. నేను ఇంటి పద్ధతిని దారి మీదకి పంపించాను. మా ఆయన టోక్యోలో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం పూట ప్రయాణంలో ఉన్నట్టేనని నాకు అర్థం కాలేదు.

బియ్యం కూడా మార్చాను. సోనా మసూరి వేడి మీద మల్లెపువ్వే, చల్లారితే గట్టిపడి పంటికింద పలుకులా తగులుతుంది. జపాన్ బియ్యం చల్లారినా మెత్తగా ఉంటుంది. 2025లో ఆ బియ్యం ధర అయిదు కిలోలు 4,000 యెన్లు దాటినప్పుడు గుండె గుభేలుమంది గానీ, డబ్బా వరకు అదే వాడుతున్నాను. రాత్రి భోజనానికి మాత్రం మన బియ్యమే, పొగలు వస్తూ, మీద నెయ్యి, పక్కన చారు. అక్కడ ఎవరి మాటా వినను.

ఇప్పుడు పొద్దున్న అన్నం పళ్ళెంలో పరిచి, రైలు స్టేషన్ దగ్గర ఉచితంగా పంచిన ప్లాస్టిక్ విసనకర్రతో విసురుతాను. చేత్తో తాకితే చల్లగా తగలాలి. అప్పుడు మూత. ప్రతిరోజూ ఆ మూత నొక్కేటప్పుడు గుండెలో చిన్న కలుక్కు ఇప్పటికీ ఉంది. చల్లారిన అన్నం మీద నా చేత్తో నేనే మూత పెడుతున్నట్టు. తెలిసినంత మాత్రాన పోయేది కాదది.

ఆగస్టులో హాన్‌చో గారు ఓ చిన్న సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఉమెబోషీ, ఉప్పులో ఊరిన పుల్లటి కాయలు. ఆవిడే జూన్‌లో కాయలు ఉప్పులో వేసి, వానలు వెళ్ళాక మూడు రోజులు ఎండబెట్టిందట. తెల్లటి అన్నం మధ్యలో ఒకటి పెట్టు, అన్నం పాడవదంటారు అని వేలితో అరచేతి మధ్య చూపించింది. మేమూ మామిడి ముక్కల్ని మూడు రోజులు ఉప్పులో ఊరవేసి ఎండకి పెడతామని చెబుదామనుకున్నాను, మాటలు చాలలేదు. సీసా ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. అమ్మ పంపిన మాగాయ పెట్టి ఇచ్చాను. మర్నాడు నా చోటు దాటి వెళ్తూ ఒక్క క్షణం ఆగి, "కరాయ్" అంది. కారం అని. ఇంకొంచెం ఆగి, "ఒయిషీ" అంది. రుచిగా ఉందని.

అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేస్తుంది. అల్లుడికి ఈ రోజు ఏం పెట్టావు అంటుంది. దొండకాయ వేపుడు, పులిహోర, గుడ్డట్టు, చెబుతాను. తర్వాత మామూలుగా అడిగేదే అడుగుతుంది.

"మూత తీస్తే ఆవిరి వస్తోందా?"

నేను పెసరపప్పు అయిపోయిందని, రేపు కొట్టుకెళ్ళాలని, ఏదో ఒకటి చెబుతాను.